పరుగెత్తుటకు పరదేశమా?

పరుగెత్తదలచినవానికి తన ఊరి బాట చాలదా? విమానమెక్కి, సముద్రములు దాటి, వేలకు వేలు వ్యయపరచి, ఎరుగని వీధులలో చెమటోడ్చుట యెందుకు? హాఫ్ మారథాను అను పందెము 21.0975 కిలోమీటర్లు. ఆ కొలత లండనులోను ఒక్కటే, విశాఖపట్టణపు సముద్రతీరములోను ఒక్కటే. కనుక ప్రశ్న న్యాయమైనదే.

అయితే పందెమునకై ప్రయాణమగుట నేటి వింత కాదు. కొరింథు దాపున రెండేండ్లకొకసారి ఇస్థ్మియా పోటీలు జరుగుచుండెను. వాటికి గ్రీకు దేశపు నానా పట్టణములనుండి జనులు వచ్చెడివారు. అపొస్తలుడైన పౌలు ఆ కొరింథులో ఏడాదిన్నర కాపురముండెను (అపొ. కార్య. 18:11). తరువాత ఆ సంఘమునకు వ్రాయుచు పందెగాని మాదిరిగా చూపెనే గాని వెక్కిరింపలేదు (1 కొరింథీ. 9:24-27). అత్తరును చూచి, ఇంత ఖర్చెందుకని మొదట అడిగినవాడు ఇస్కరియోతు యూదా అనుటయు మనము మరువరాదు (యోహాను 12:4, 5). అయినను ఆ మాటను అడ్డుపెట్టుకొని ప్రతి వ్యయమును పరిశుద్ధమనరాదు. ఆ స్త్రీ తనకొరకు వ్యయపరచలేదు గదా!

చదువరులారా, ధర్మసందేహము డబ్బులో కన్న వేరొక చోట నున్నదని నా తలంపు. దానిని చూచుటకు బేత్లెహేమునకు పోవుదము.

అక్కడ 2013 ఏప్రిల్‌లో మొదటిసారి పాలస్తీనా మారథాను జరిగెను. క్రీస్తు జన్మస్థలమని చెప్పబడు దేవాలయము ఎదుటి మైదానమే దాని ఆరంభస్థానము. ఆ దేవాలయపు వాకిలి నాలుగడుగులే గనుక మన యాత్రికులు నడుము వంచి లోనికి పోవుదురు. పందెగాండ్రయితే బయటనుండి ఐదా, దెహేషె అను శరణార్థుల శిబిరముల మీదుగా, ఎనిమిది మీటర్ల కాంక్రీటు గోడ ప్రక్కగా పరుగెత్తిరి. శిబిరములు 1949, 1950 సంవత్సరములలో ఏర్పడినవి. గోడను ఇశ్రాయేలు ప్రభుత్వము ఆత్మాహుతి దాడులనుండి కాపుదలకని 2002లో కట్టనారంభించెను. పాలస్తీనా వారి అధీనములో ఎక్కడను ఆగక సాగు 42 కిలోమీటర్ల బాట అచ్చట దొరకలేదు. కాబట్టి పూర్తి మారథానువారు ఒకే బాటను రెండు మారులు పరుగెత్తవలసి వచ్చెను. హాఫ్ మారథానువారికి ఒక్క చుట్టు. సంచారము మానవుని హక్కు అని 1948 నాటి ఐక్యరాజ్య సమితి ప్రకటన 13వ అధికరణము చెప్పుచున్నది. దానినే జ్ఞాపకము చేయగోరి ఈ పందెమును తలపెట్టిరి. తలపెట్టినవారిలో డెన్మార్కు దేశస్థులుండిరి. నానా దేశములనుండి పరుగెత్తువారు వచ్చిరి.

గాజావాసియైన నాదెర్ అల్-మస్రి 2008లో బీజింగు ఒలింపిక్స్‌లో పరుగెత్తినవాడు. అతని యూరినుండి బేత్లెహేము నూరు కిలోమీటర్లు లేదు. 2014లో అతడీ పందెమునకు రాగోరగా అనుమతి దొరకలేదు. న్యాయస్థానమును ఆశ్రయించినను ఫలము లేకపోయెను. 2015లో అనుమతి దొరికెను. వచ్చి, మారథాను గెలిచెను. కోపెన్‌హేగనునుండి వచ్చినవానికి మాత్రము రెండేండ్లును దారి తెరచియే యుండెను.

పరిశుద్ధ గ్రంథములో పరదేశి యనగా ఎవరు? విధవరాలితోను తండ్రిలేనివానితోను కలిపి లెక్కింపబడు బలహీనుడు. పొలములో మరచిన పన అతనికే విడువవలెను (ద్వితీ. 24:19). ఈ పందెములోనో, పరదేశియే బలవంతుడు! ఊరివాడు కదలలేని చోటికి అతడు వచ్చును, పోవును. అట్లయిన ధర్మశాస్త్రము గృహస్థునిమీద మోపిన భారము ఈ వచ్చినవాని మీదికి తిరుగవలసినదే. వీసా కొరకు కాగితముల కట్ట పట్టుకొని వరుసలో నిలిచిన మన తెలుగు బిడ్డలకు, అన్ని పాసుపోర్టులును ఒక్కటి కావని ఒకరు చెప్పనక్కరలేదు.

అట్లని పోవలదని నేననను. ఇంటివారు రమ్మని పిలిచినప్పుడు, మాకు మనస్సాక్షి యున్నదని రాకుండుట మరియొక విధమైన గర్వము. కాని పోయినవాడు దానిని త్యాగమని చెప్పుకొనుట మాత్రము నాకు సరిపడదు. అతనికది సంతోషము, సంతోషమని ఒప్పుకొనుటలో తప్పేమి? పతకము మెడలో వేసికొని ఛాయాచిత్రము తీయించుకొనినంతమాత్రమున గోడలో ఒక్క రాయియు కదలదు. చూచినదానిని చూచినట్లు చెప్పుట, తగ్గింపకయు పెంపకయు చెప్పుట, అతడు చేయగల మేలు. యెరూషలేము బస్సులో ప్రేలిన బాంబుకు బిడ్డను పోగొట్టుకొనిన తల్లి గోడకు ఆవలి ప్రక్కనున్నది. ఆమె మాట వినకుండ చెప్పు సాక్ష్యము సగము సాక్ష్యమే.

మీ సంఘములోని యౌవనుడెవడైనను అట్టి పందెమునకు బయలుదేరిన, వారించకుడి. బూట్లు, టిక్కెట్టు సరిచూచుకొనిన తరువాత ఒక పని అప్పగించుడి. అక్కడ బసయిచ్చినవారిని అడుగవలెను: ఈ యేడు రాగోరియు అనుమతి లేక రాలేకపోయినవారెవరు? వారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసికొని రావలెను. అతడు తిరిగి వచ్చిన ఆదివారము, సంఘ ప్రార్థనలో ఆ పేర్లు చదువుదురు గాక.