తెలుసుకునే అర్హత ఎవరిది?

ఒక విషయాన్ని తెలుసుకునే అర్హత మనిషికి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను వేదాంతం అధికారి విచారణగానూ, సమాచార భద్రతాశాస్త్రం యాక్సెస్ కంట్రోల్‌గానూ చర్చించాయి. అధికారి అంటే శాస్త్రాన్ని అభ్యసించడానికి తగినవాడు. యాక్సెస్ కంట్రోల్ అంటే ఏ వినియోగదారు ఏ ఫైలును చదవవచ్చో, దేన్ని మార్చవచ్చో నిర్ణయించే ఏర్పాటు. రెండింటిలోనూ తేలవలసింది ఒక్కటే: కాదనడానికి న్యాయమైన ఆధారం ఏది?

భద్రతాశాస్త్రం ఇచ్చిన సమాధానాల్లో నాలుగు ముఖ్యమైనవి. మొదటి నమూనాలో నిర్ణయం యజమానిది; యూనిక్స్‌లో ఫైలును సృష్టించినవారే దాన్ని ఇతరులు చదవవచ్చో లేదో చెబుతారు. రెండవది నిర్బంధ నమూనా. 1973లో డేవిడ్ బెల్, లెనార్డ్ లాపడ్యులా రూపొందించిన సిద్ధాంతం ప్రకారం, రహస్య స్థాయి అనుమతి గల ఉద్యోగి అతిరహస్య పత్రాన్ని చదవకూడదు, తనకు తెలిసింది కిందికి జారిపోకుండా సాధారణ పత్రంలో రాయనూ కూడదు; ఇక్కడ యజమాని ఇష్టానికి తావు లేదు. 1992లో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ ప్రతిపాదించిన మూడవ నమూనా వ్యక్తికి కాక అతని హోదాకు అనుమతినిస్తుంది. నాలుగవది వ్యక్తి, పత్రం, సమయం, సందర్భాల లక్షణాలన్నింటినీ కలిపి తూస్తుంది.

బ్రహ్మసూత్రాలకు శంకరాచార్యులు రాసిన భాష్యంలో వీటిలో రెండు పద్ధతులు ఎదురెదురుగా నిలుస్తాయి. తొలి సూత్రం దగ్గర ఆయన నిత్యానిత్య వివేకం, వైరాగ్యం, శమదమాది సంపత్తి, మోక్షేచ్ఛలను అర్హతలన్నారు. ఇవి నాలుగవ నమూనా చూసేలాంటివి, సాధనతో సంపాదించుకోగల లక్షణాలు. అదే అధ్యాయంలోని అపశూద్రాధికరణం అనే విభాగంలో మాత్రం, ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానం అందరికీ అందవచ్చునని ఒప్పుకుంటూనే, వేదపూర్వకమైన అధికారాన్ని శూద్రులకు నిరాకరించారు. ఇక్కడ కొలత పుట్టుక; అది నిర్బంధ నమూనాలోని స్థాయిలా పైనుంచి పడిన, మనిషి ఎంత శ్రమించినా చెరగని ముద్ర.

ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుడి కథ ఈ చిక్కును మరింత స్పష్టం చేస్తుంది. గోత్రమేమిటని హారిద్రుమత గౌతముడు అడిగినప్పుడు ఆ బాలుడు, యౌవనంలో పలుచోట్ల పరిచర్య చేసిన తన తల్లి జబాలకే అది తెలియదని దాచకుండా చెప్పాడు. సత్యం తప్పలేదు కనుక గురువు సమిధలు తెమ్మని ఉపనయనానికి అంగీకరించాడు. అపశూద్రాధికరణం ఈ సత్యవచనాన్ని అతని వర్ణానికి రుజువుగా తీసుకుంది. అయితే గోత్రం తేలకుండానే తలుపు తెరిచింది సత్యమే కనుక, దాన్ని మరొక అర్హతకు సాక్ష్యంగా కాక, దానికదే అర్హతగా చూడడం కథకు సహజంగా అమరుతుంది.

దీని అర్థం అన్ని తలుపులూ తెరవాలని కాదు. బ్రహ్మవిద్య పదిమందికి అందితే ఎవరికీ నష్టం లేదు, కానీ రోగి ఫైలు బయటపడితే ఆ రోగికే హాని. ఆసుపత్రిలో నర్సు అనే హోదా ఒక్కటే చూస్తే ప్రతి ఫైలూ తెరుచుకుంటుంది. ఆ పూట ఆమె సంరక్షణలో ఉన్న రోగి ఎవరన్నది కూడా చూస్తే అవసరమైనదే తెరుచుకుంటుంది. ఆమెను ఆపినా అది ఆమె మనిషితనానికి తక్కువ కాదు, ఎందుకంటే పని మారితే అనుమతీ మారుతుంది. కాబట్టి ఏ నిరాకరణైనా రెండు పరీక్షలకు నిలవాలి: దానివల్ల ఎవరికో నిజమైన హాని తప్పాలి, కాదనిపించుకున్నవారికి అర్హత పొందే దారి మిగలాలి. పుట్టుకను బట్టి జ్ఞానాన్ని మూసిన నియమం ఈ రెండింటిలోనూ ఓడిపోతుంది.