కాలి బొటనవేలి మీద హిరణ్యకశిపుడు

మందరగిరి లోయలో హిరణ్యకశిపుడు చేతులు పైకెత్తి, చూపు ఆకాశాన నిలిపి, కాలి బొటనవేలి మీద నిలబడ్డాడు. ఒంటి చుట్టూ పుట్ట లేచినా కదల్లేదు. నిలకడలో ఆయనకు సాటి ఎవరు? ఆ తర్వాత కన్నకొడుకును ఏం చేయబోయాడో మనకు తెలిసిందే.

జూన్ 21, యోగా దినోత్సవం, దగ్గరపడేకొద్దీ నాకు ఆయనే గుర్తొస్తాడు. డోర్నకల్ లాంటి చిన్న ఊళ్లలోనూ పొద్దున్నే చాపలు పరుస్తున్నారు, సంతోషం. కానీ చాప పరిచీ పరచకముందే ఫోను స్టాండెక్కుతోంది. పతంజలి చెప్పిన ఎనిమిది యోగాంగాల్లో యమం మొదటిది, నియమం రెండోది. ఆసనం మూడు, ప్రాణాయామం నాలుగు. కాజీపేట నుంచి భద్రాచలం రోడ్డుకు ఏ రైలెక్కినా డోర్నకల్ మీదుగానే పోవాలి. యోగా దారీ అంతే. మనం మాత్రం యమనియమాలు తగలకుండా నేరుగా శీర్షాసనం దగ్గర దిగాలంటాం.

యమాల్లో ఒకటైన అహింస అంటే ఎదుటివాళ్ల జోలికి పోకపోవడమే అనుకుంటాం. మన మోకాలి సంగతేమిటి? పక్కామె పద్మాసనం వేసిందని, వంగనంటున్న కాలిని గుంజి తొడ మీద పెట్టడం హింస కాదా? సత్యమూ అంతే. బీపీ ఉన్న సంగతి గురువుకు చెప్పకుండా కపాలభాతి చేసేవాళ్లున్నారు. అడిగితే 'ఏం కాదులే సార్' అంటారు. ప్రాణవాయువును సింహాన్ని, ఏనుగును, పులిని మచ్చిక చేసినట్టు మెల్లమెల్లగా లొంగదీయాలనీ, లేదంటే అది సాధకుణ్ణే చంపుతుందనీ హఠయోగ ప్రదీపిక హెచ్చరించింది. ఊపిరి ఎంతసేపు బిగబడతావని పందెం కాసుకునే కుర్రాళ్లకు ఈ మాట ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన గురువే రోజుకో కొత్త ఆసనం చూపించి ఫీజు పెంచుతుంటే, అవసరానికి మించి కూడబెట్టొద్దనే అపరిగ్రహం మాట ఎత్తేదెవరు?

పైగా యోగా ఏ మతానిదన్న తగవొకటి. జాతి, దేశం, కాలం ఏవీ అడ్డురాని సార్వభౌమ మహావ్రతమని యమాల గురించి పతంజలే అన్నాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ కట్టడంలో గుడి పోకడా ఉంది, మసీదు పోకడా ఉంది. అబద్ధమాడొద్దని అక్కడా చెబుతారు, రామాలయంలోనూ చెబుతారు. శ్వాసను మతమేమిటని అడిగే ఓపిక నాకు లేదు.

యోగా దినోత్సవం నాడు చేయించే ఆయుష్ శాఖ వారి సాధన క్రమం 45 నిమిషాలు. చివర్లో సంకల్పం చెప్పిస్తారు. మనసును సమంగా ఉంచుకోవడం, ఇంటి పట్ల, సమాజం పట్ల బాధ్యత అన్నీ అందులోనే ఉంటాయి. అప్పటికి సగంమంది చాపలు చుట్టేసి చెప్పులు వెతుక్కుంటుంటారు.