పవిత్రవస్తువులును బైబిలు ప్రమాణమును

రోమను కతోలికులు జపమాలను చేతబట్టుదురు. ఉత్తరీయమును మెడను ధరింతురు. తీర్థజలముతో సిలువగుర్తు వేసికొందురు. పునీతుల స్వరూపముల యెదుట దీపములు వెలిగింతురు. ఇవి బైబిలునందు ఎక్కడ విధింపబడినవని ప్రొటెస్టెంటులు ఐదువందల యేండ్లుగా నడుగుచున్నారు. ఇది క్రైస్తవుల యింటితగవని మన మూరకుండుటకు వీలులేదు. పరమాత్మను చేరుటకు జడవస్తువు తోడ్పడునా, అడ్డుపడునా యను ప్రశ్న యిందు గలదు; అది యే మతమునకును క్రొత్తది కాదు.

న్యాయవాదవృత్తిలో నుండుటచేత మాకు మొదట తోచు శంక వేఱు. ప్రమాణమంతయు గ్రంథములోనే యుండవలెననుట ప్రొటెస్టెంటుల నియమము. కతోలికులు గ్రంథముతోపాటు సంప్రదాయమును సైతము ప్రమాణముగా గైకొందురు. కావున "ఏ వచనమున నున్నది?" యని యడుగుట, ఒక పక్షపు శాసనమును రెండవ పక్షముపై నమలు జరుపుటయే. అయినను కతోలికులు ఆ యాక్షేపణమును చాటుచేసికొని తప్పించుకొనక వచనములనే చూపుచున్నారు గనుక వానినే విచారింతము.

నిర్గమకాండము 20వ అధ్యాయము విగ్రహమును చేసికొనరాదనియు, దానికి సాగిలపడరాదనియు శాసించుచున్నది. ఆ కాండమందే 25వ అధ్యాయమున మందసపు మూతపై రెండు బంగారు కెరూబులను చేయవలెనని యాజ్ఞ గలదు. కాబట్టి నిషేధము పూజకే గాని ప్రతిమకు గాదని కతోలికులు వాదింతురు. ఈ వాదము కొంతదూరమే నడచును. విశేషవిధి సామాన్యనిషేధమును రద్దుచేయజాలదు. అదియునుగాక, ఆ కెరూబులున్న యతిపరిశుద్ధస్థలమున ప్రధానయాజకుడొక్కడే, ఏటి కొక్కదినమున, ప్రవేశించుట విధి. కంట బడని ప్రతిమకు జనులు దీపము పెట్టుట యెట్లు?

స్పర్శను గూర్చిన వచనములు ఇంతకంటె బలమైనవి. ఎలీషా యెముకలు తగిలి శవము లేచెనని రాజుల రెండవ గ్రంథము చెప్పుచున్నది. పౌలు దేహమును తాకిన చేతిగుడ్డలవలన ఎఫెసులో రోగములు తొలగెనని అపొస్తలుల కార్యములలో నున్నది. ఈ యద్భుతములు జరిగినవా లేవా యనుట మన కిప్పు డప్రస్తుతము. గ్రంథమును నమ్మినవాడు, వస్తువు ద్వారమున దైవానుగ్రహము రాజాలదని మాత్రము చెప్పజాలడు. కాని ఆ గుడ్డలను పెట్టెలో దాచి తరతరములు కొలువుడని పౌలు చెప్పినట్లు ఆ గ్రంథమున లేదు.

మా దృష్టిలో అన్నిటికంటె గట్టి యాధారము మఱియొకటి. సంఖ్యాకాండము 15వ అధ్యాయమున, బట్టల యంచులకు నీలిదారముతో కుచ్చులు కట్టుకొనుడనియు, వానిని చూచి దైవాజ్ఞలను స్మరింపుడనియు ఇశ్రాయేలీయులకు విధింపబడినది. మనుష్యుని మనస్సు మఱపునకు లొంగునది. కంటికొక గుర్తు, వ్రేలికొక పూస యుండుట దానికి మేలు. జపమాలలో చెప్పు మంగళవార్త జపపు పూర్వార్ధము లూకా సువార్తలోని పలుకులే. అయితే ఆ కుచ్చులనే నలుగురికి గనబడునట్లు పొడవు చేసికొనిన పండితులను యేసు మత్తయి సువార్త 23వ అధ్యాయమున నిందించెను. విధించిన గ్రంథమే వికారమును సైతము చూపినది.

ఇత్తడిసర్పము కథ యీ విషయమునకు ప్రాణము. పాముకాటున చచ్చువారు చూచి బ్రతుకుటకై మోషే దైవాజ్ఞచేతనే దానిని చేసి స్తంభముపై నెత్తెను. తన్నును అట్లే యెత్తవలెనని యేసు పలికినట్లు యోహాను వ్రాసెను. ఇంతటి వస్తువును హిజ్కియా రాజు ముక్కలుచేసెను. జనులు దానికి ధూపము వేయుచుండిరి. గ్రంథము మోషేను తప్పుపట్టలేదు, హిజ్కియాను మెచ్చుకొనినది. ఒకే లోహము, ఒకే రూపము. మాఱినది చూచువారి మనస్సు.

కతోలిక సభ దీని నెఱుగకపోలేదు. కంటికి గనబడని దేవుడు శరీరధారి యయ్యెను గనుక చిత్రింపదగునని ఎనిమిదవ శతాబ్దమున దమస్కు యోహాను వాదించెను. ప్రతిమకు చేయు గౌరవము మూలవ్యక్తికి చెందునని 787లో నీసియా మహాసభ తీర్మానించెను. ప్రతిమలలో దైవత్వముగాని శక్తిగాని లేదనియు, మూఢనమ్మకమును నీచలాభమును తొలగింపవలెననియు ట్రెంటుసభ 1563లో పలికెను. సిద్ధాంతము చక్కనిదే. విజయవాడ యొద్ద గుణదల మరియమాత కొండకు ఏటేట ఫిబ్రవరిలో కతోలికులే గాక హిందువులును వత్తురు. తలనీలాలిచ్చువారు, కొబ్బరికాయ కొట్టువారు గలరు. వారి గౌరవ మెంతవరకు మూలవ్యక్తికి ముట్టుచున్నదో యే సభ తూచగలదు?

ఉత్తరీయమును గూర్చి మాత్రము మేము సందేహింపము. దానిని ధరించి మరణించినవాడు నిత్యాగ్నిలో బడడని మరియమాత 1251లో సైమన్ స్టాకునకు మాట యిచ్చెనని ఐతిహ్యము. సంఖ్యాకాండపు కుచ్చు ఆజ్ఞలను పాటింపుమని జ్ఞాపకము చేయును గాని, రక్షణకు పూచీపత్రము వ్రాసియీయదు. సత్ప్రవర్తన లేక ఉత్తరీయమొక్కటియే చాలదని గురువులు బోధించుచున్నను, సామాన్యుని చెవి కెక్కునది మాట యొక్కటే, షరతు గాదు.

ఇట్లనుటచేత, ముదుసలి చేతినుండి పూసలు లాగివేయుడని మేము చెప్పుచున్నామని తలపవలదు. హిజ్కియా తన దేశపు రాజు; తన పితరుల వస్తువును, తానును వారితో కలిసి మ్రొక్కు దేవునికొఱకు, విరిచెను. 1566 ఆగస్టులో ఆంట్వెర్పు ప్రధానాలయమున జొరబడి బలిపీఠములను, ప్రతిమలను పగులగొట్టిన గుంపునకు ఆ యధికారము లేదు. మఱునాడు అచ్చటికి పూసలతో వచ్చిన ముదుసలికి వారు విడిచిపోయినది పగిలిన రాయి. ప్రార్థనకు బదులుగా వేఱొక ప్రార్థనను వారామెకు నేర్పలేదు.