దాచిన గీత

వజ్రపుకొత్తూరు వైపు ఒక జీడితోట పక్కన పునాది పని. ఎండెక్కక ముందే మేస్త్రీ మూలలకు మేకులు దిగ్గొట్టి దారం లాగేశాడు. మూడు, నాలుగు, అయిదు అడుగుల లెక్కతో మూల సరిచూసుకుని, దారం వెంట ముగ్గు పోశాడు. గోడ లేచేకొద్దీ ఆ దారం పై వరసకు ఎక్కుతుంది. ఇల్లయ్యాక ఒక ఇటుక ముక్కకు చుట్టుకుని సంచిలోకి పోతుంది. గృహప్రవేశం ఫొటోలో దారం కనబడిన ఇల్లు నేనింతవరకూ చూడలేదు.

పలాసలో కంప్యూటర్ ముందు కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. అక్కడా ముందు దారాలే లాగుతాను. రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని గ్రిడ్లు, రిఫరెన్స్ ప్లేన్లు అంటాం, స్కెచప్ అనే దాంట్లో గైడ్లు. అయితే ఇక్కడ దారం చుట్టి సంచిలో వేసుకునే రోజు రాదు. గోడను దానికి లాక్ చేశామంటే, గీత జరిగితే గోడా జరుగుతుంది. అందుకని దాన్ని ఉంచుకుంటూనే, ఏ బొమ్మలో కనబడనివ్వాలో, ఏ బొమ్మలో దాచాలో తేల్చుకోవాలి.

ఈ కనబడడం, కనబడకపోవడం నాకు తలకెక్కింది కొబ్బరితోటలో. మా ప్రాంతానికి ఉద్దానం అన్న పేరే ఉద్యానం నుంచి వచ్చిందంటారు. గట్టు మీద వరసకు సరిగ్గా ఎదురుగా నిలబడితే చెట్లన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒక్క గీతవుతాయి. రెండడుగులు పక్కకు జరిగితే ఆ గీత ఉండదు, ఉత్త చెట్లు. ఇంకాస్త నడిస్తే మూలవాటంగా వేరే వరస తేలుతుంది. చెట్టు ఒక్కటీ కదల్లేదు, కదిలింది మనం. రిఫరెన్స్ ప్లేనూ అంతే. నిజానికి అది గీత కాదు, కంటికి ఆనని ఒక పలక. దాని అంచు మనవైపు తిరిగిన బొమ్మలోనే గీతగా కనిపిస్తుంది. ప్లాన్‌లో ఉన్నది, పక్క ఎలివేషన్‌లో నిలువు గీతై వస్తుంది. దాన్ని ఎదురుగా చూసే ఎలివేషన్‌లో మాత్రం రాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ పొద్దున మా తోటలో ఎక్కడ నిలబడి చూసినా వరస లేదు. మొదళ్లు మాత్రం మిగిలాయి. తర్వాత మావాళ్లు కొత్త మొక్కలు పెట్టింది ఆ మొదళ్ల వరస చూసుకునే.

నేను పనిలో చేసిన పెద్ద తప్పు దాచడానికీ చెరపడానికీ ఉన్న తేడా మరిచిపోయి చేసిందే. ఒకరి ఇంటికి ముందు ఎలివేషన్ ప్రింటు తీస్తున్నాను. కిటికీ మీదుగా ఒక గీత నిలువుగా ఉంది. రాత్రి చాలా పొద్దుపోయింది, డిలీట్ నొక్కేశాను. ఎలివేషన్ శుభ్రంగా వచ్చింది. రెండు రోజులకు సైటు నుంచి ఫోను: "మెట్ల గోడకి కొలత నేదేటి బాబూ?" ప్లాన్ తెరిచి చూస్తే ఆ గీత అక్కడా లేదు, దాన్ని పట్టుకున్న కొలతలూ లేవు. ఏ బొమ్మలో కనబడినా అది ఒకే గీత. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా పోతుంది. దాస్తే ఆ ఒక్క బొమ్మలోనే దాగుతుంది, బల్బు గుర్తు నొక్కగానే మళ్ళీ బయటపడుతుంది. మేస్త్రీ అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగకుండా అందాజాగా కట్టేసి ఉంటే?

అప్పటినుంచి ప్రతి గీతకూ పేరు పెడుతున్నాను. ముగ్గు పోయడానికి కావలసినవి ఒక ఉపవర్గం, నా ఆలోచన కోసం గీసుకున్నవి ఇంకొకటి. ఏ బొమ్మలో ఏ వర్గం కనబడాలో వ్యూ టెంప్లేట్‌లో ఒక్కసారి రాసిపెడతాను. స్కెచప్‌లో అయితే గైడ్లకు ఒక ట్యాగు ఇచ్చి, సీన్ల వారీగా ఆపుతాను. గ్రిడ్ చివర పట్టుకుని లాగేముందు పక్కన టూడీ అని ఉందా, త్రీడీ అని ఉందా చూస్తాను. టూడీ అయితే ఆ బొమ్మకే, త్రీడీ అయితే మిగతా బొమ్మలకూ పాకుతుంది.

ఇదంతా సాఫ్ట్‌వేర్ పనితనం అనుకున్నన్నాళ్లూ ఒక సంగతి నాకు తట్టలేదు. ఇంటివాళ్ల చేతికి రంగుల బొమ్మ ఇస్తాం, గీతలన్నీ దాచి. మేస్త్రీకి గీతలున్న కాగితం ఇస్తాం. పని అయ్యేసరికి ఆ కాగితం సిమెంటు నీళ్లకు తడిసి, చిరిగి, ఎటో పోతుంది. ఇంట్లో బతికే మనిషి దగ్గర మాత్రం తన గోడలను నిలబెట్టిన గీత ఒక్కటీ మిగలదు. ఇది న్యాయం కాదు. గీతలు మిగిలిన చోటు ఒకటుంది. భోపాల్ దగ్గర భోజ్‌పూర్‌లో పదకొండో శతాబ్దంలో మొదలై సగంలో ఆగిన శివాలయం ఉంది. దాని చుట్టూ బండల మీద శిల్పులు చెక్కుకున్న నమూనా గీతలు ఇప్పటికీ కనబడతాయి. ఆ గుడిని ఎలా కట్టాలనుకున్నారో ఇవాళ మనకు చెబుతున్నవి అవే.

మన దగ్గర పదేళ్లకో పదిహేనేళ్లకో పై అంతస్తు వేస్తారు. అప్పటికి మేస్త్రీ వేరు. పిల్లర్ల సెంటర్ లైన్లు కావలసింది ఆ రోజునే. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు రంగుల బొమ్మతో ఊరుకోవద్దు. గీతలు దాచని ప్లాన్ ఒకటి అడిగి తీసుకుని, దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టుకోండి.