సిద్ధరాముని చెరువు

పన్నెండవ శతాబ్దమున శివయోగి సిద్ధరాముడు సొన్నలిగెయందు చెరువు త్రవ్వించెను. ఆ సొన్నలిగెయే నేటి మహారాష్ట్రమునందలి సోలాపూరు. సిద్ధేశ్వరాలయము నేటికిని ఆ నీటి నడుమనే యున్నది. అల్లమప్రభువు అచ్చటికి విచ్చేసి, మట్టి త్రవ్వువాడవని సిద్ధరాముని ఎత్తిపొడిచిన కథ శూన్యసంపాదనమున ప్రసిద్ధము. చెరువు త్రవ్వుట తప్పని ప్రభువు భావము కాదు. త్రవ్వించితినను అహంకారమును పోగొట్టుకొమ్మనుటయే. ఈ భేదము నెరుగక, అంతరంగము శుద్ధమైనచో చెరువుతో పనియేమని పలుకువారు నేడును గలరు!

చెరువనగా నీరు మాత్రమే కాదు. దాని ప్రాణమంతయు అంచున నున్నది. మోకాలిలోతు నీట జమ్ము, తుంగ మొలచును. తూనీగలలో పెక్కు జాతులు ఆ కాడలలో గ్రుడ్లు పెట్టును. వాని పిల్లలు నీటనే పెరిగి దోమపిల్లలను దినును. తొలకరిని కప్పలు గ్రుడ్లు పెట్టునదియు, చేపపిల్లలు దాగునదియు అచ్చటనే. ఆ అంచును చెక్కివేసి నిలువుగా సిమెంటు గోడ కట్టి, దీపములు పెట్టి, సుందరీకరణమని పేరిడుచున్నారు. గోడ చక్కగానే యుండును. కప్పపిల్ల మాత్రము దాని నెక్కజాలదు. స్థావరమును నిలిపి జంగమమును వెడలగొట్టుట శరణమార్గమగునా?

మురుగు, సబ్బునీరు, పొలముల ఎరువు చేరినకొలది నాచు ప్రబలును. అది చచ్చి క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగిపోవును. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరచుచుండును. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్కకు ఈ మురుగే విందు.

భక్తి పేరిట చేయు కీడు వేరొకటి. పూజానంతరము పత్రియు, పూలును ప్లాస్టిక్ సంచితో సహా నీట విడుచువారిని ఏమందుము? అరచేతనే ఇష్టలింగమును పూజించువారికి నిర్మాల్యమును చెరువున గలుపు అగత్యమేమి? చెట్టు మొదట గోయి తీసి పూడ్చిన చాలును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు తగవని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నిమజ్జన మార్గదర్శకములందు తెలిపినది. కుంటలును, చెరువులును సమాజమునకు ప్రకృతి యిచ్చిన సంపదయని, వానిని కాపాడవలెనని సుప్రీంకోర్టు 2001లోనే తీర్పు చెప్పినది.

మఠముల కోనేరులకును, ఊరి కుంటలకును పూడిక తీయునపుడు అంతయు ఒక్క వేసవిలోనే గీకివేయరాదు. ఏటికొక భాగము చొప్పున తీసి, ఒక వైపున జమ్మును కదలింపక విడువవలెను. తూనీగయు, కప్పయు ఆ వైపునుండియే తక్కిన నీటికి మరల వ్యాపించును.