డేగ ఆకలి మాటేమిటి?

ఒళ్లో వాలిన పావురానికి శిబి చక్రవర్తి అభయమిచ్చాడు. ఆ అభయాన్ని తరతరాలుగా కొనియాడుతున్నాం గానీ, వెంటాడి వచ్చిన డేగ అడిగినదాన్ని తొందరగా దాటేస్తాం. పావురం నా ఆహారం, దాన్ని నువ్వు దాచుకుంటే నా పిల్లలు పస్తులుండాలి, ఇదెక్కడి ధర్మం అంటుంది డేగ. శిబి దాన్ని కసరలేదు. దాని ఆకలీ నిజమేనని ఒప్పుకుని, త్రాసు తెప్పించి, తన తొడ కోసి పెట్టాడు. శరణాగత ధర్మంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది: కోసేది ఎవరి కండ?

మన కాలంలోనూ ఇదే చిక్కు. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ సైన్యం రఖైన్‌లో ఊళ్లు తగలబెడితే, అక్కడి మైనారిటీ ముస్లింలైన రోహింగ్యాలు 7 లక్షలకు పైగా బంగ్లాదేశ్ చేరారు. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం అప్పటికే వాళ్లను పుట్టిన గడ్డమీద పరాయివాళ్లను చేసింది. అక్కడి కాక్స్ బజార్ జిల్లాలోని ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల్లో ఇవాళ స్థానికులకన్నా వాళ్లే ఎక్కువ. కొండలు చెక్కి వెదురు, టార్పాలిన్ గుడిసెలు వేశారు. పొయ్యిలోకి కట్టెలు కావాలి, అడవి వేళ్లతో సహా పోయింది. గ్యాస్ సిలిండర్లు పంచాక గానీ ఆ నరుకుడు తగ్గలేదు. కూలి రేటు పడిపోయిన అక్కడి కూలీయే ఈ కథలో డేగ. అతని గోడును ద్వేషమని కొట్టిపారేయడం అన్యాయం.

రాజు తన తొడ కోసుకున్నాడు, ప్రభుత్వం కోసేది ప్రజల కండే కదా అంటారు. గట్టి మాటే. అయినంత మాత్రాన పావురాన్ని డేగ ముందు వదిలెయ్యమని ఎలా తేలుతుంది? ఆ బరువు మోసేందుకు ఇంకెందరో రావాలనే తేలుతుంది. లోకంలోని ప్రతి పదిమంది శరణార్థుల్లో సుమారు ఏడుగురు పేద, మధ్యాదాయ దేశాల్లోనే తలదాచుకున్నారు. వచ్చినవాళ్లలో శత్రువులుంటేనో అన్నది మరో భయం. విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడూ అదే అన్నాడు. రాముడు అందరి మాటా విన్నాడు, ఆనక అభయమే ఇచ్చాడు. ఎవరు ఏమిటో విచారించడం పాలకుడి విధి, కాదనను. కానీ కాక్స్ బజార్ శిబిరాల్లో సగానికి పైగా పిల్లలే. ప్రాణభయమున్న చోటికి ఎవర్నీ తిప్పి పంపకూడదన్న 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్, బంగ్లాదేశ్ రెండూ సంతకం చెయ్యలేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో బతుకుతున్న రోహింగ్యాలకు ఆ లోటు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

కండ వేసేకొద్దీ పావురం వైపే మొగ్గుతుంటే, చివరికి శిబి తానే త్రాసులో కూర్చున్నాడు. కాక్స్ బజార్‌లో మాత్రం వేసిన కండనే వెనక్కి తీశారు. దాతల సొమ్ము చాలక 2023లో మనిషికి నెలకు 12 డాలర్లున్న రేషన్‌ను 8కి దించారు. అప్పటి మన లెక్కలో రోజుకు పాతిక రూపాయలు కూడా కాదు.