మూగ ఎద - చూసే కన్ను

పశువుల ప్రవర్తనని అధ్యయనం చేయడానికి ఇప్పుడు మనిషి కాపలా ఉండక్కర్లేదు. పాకలో పైన బిగించిన కెమెరా, దాని వెనక ఓ కంప్యూటర్ ఉంటే చాలు. ఏ పశువు ఎంతసేపు నిలబడింది, ఎంతసేపు పడుకుంది, ఎన్నిసార్లు తొట్టి దగ్గరికొచ్చింది, రాత్రీపగలూ లెక్క తేలుతుంది. ఈ లెక్కల గురించి చదివినప్పుడల్లా నాకు మా గోదావరి డెల్టా గేదెలూ, వాటిని సాకే ఆడవాళ్లూ గుర్తుకొస్తారు.

గేదెల్లో 'మూగ ఎద' ఎక్కువ. ఎదకొచ్చిన ఆవులా గేదె తోటి పశువుల మీదకి అంతగా ఎక్కదు. లక్షణాలు బలహీనంగా, తరచు రాత్రివేళ కనిపిస్తాయి. ఆ అదను దాటితే మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి. దాన్ని పసిగట్టేది పాలు పితికే చెయ్యి. ఇవాళ సరిగా చేపలేదు, మేత ముట్టలేదు, తీగ వేసింది అని ఆమె చెబితే 'అలవాటు' అంటాం. కెమెరా చెబితే 'సమాచారం' అంటాం. ఒకే సంగతికి రెండు పేర్లెందుకు?

అలాగని యంత్రం చూపుని తోసిపుచ్చలేను. కెన్యాలో బబూన్ కోతుల్ని అధ్యయనం చేసిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో పరిశీలనా పద్ధతుల మీద ఒక వ్యాసం రాసింది. కంటికి కొట్టొచ్చినట్టు కనబడేవే రాసుకుంటే లెక్క తప్పుతుందనీ, ఒక్కో జంతువునీ ఎంచుకుని నిర్ణీత కాలం గమనించాలనీ చెప్పింది. మగవాటి కొట్లాటలే ముందు కనబడే చోట, పిల్లనెత్తుకుని మేత వెతుక్కునే తల్లి దినచర్యకి అలా చోటు దొరికింది. పక్షపాతం లేని చూపు ఆడవాళ్లకి మేలే చేస్తుంది.

మరి కెమెరాకి పక్షపాతం లేదా? ఇది నిలబడడం, ఇది పడుకోవడం అని ముందు దానికి ఎవరో నేర్పాలి. హోల్‌స్టీన్ ఆవుల్ని నలుపుతెలుపు మచ్చల్ని బట్టి పోల్చుకోవడం నేర్పారు. మన ముర్రా గేదెకి ఆ మచ్చలేవీ? నేర్పని లక్షణం యంత్రం దృష్టిలో లేనట్టే. పాలు చేపకపోవడం వేళ్లకి తెలిసే సంగతి. ఆ వేళ్లని అడక్కుండా ఏది గమనించాలో నిర్ణయిస్తే, ఆల్ట్‌మన్ దిద్దిన తప్పునే మళ్లీ చేసినట్టు.

ఇంకో ప్రశ్న ఉంది. గేదె ఎదకొచ్చిందన్న కబురు ఎవరి ఫోనుకి వెళ్తుంది? ఇంటి మగవాడి ఫోనుకే వెళ్తే, ఇన్నాళ్లూ జీతం లేకుండా ఆమె చేసిన పనికి ఇప్పుడు విలువ వచ్చినా అది ఆమెకి చేరదు. రాత్రుళ్లు లేచి పాకలోకి వెళ్లే అవస్థ తప్పితే సంతోషమే. ఆ నిద్రతోపాటు, సూది ఎప్పుడు వేయించాలన్న మాట కూడా ఆమెదిగానే ఉండాలి.